రెండు వేల ఎనభై చుట్లు

టెంటు సినిమా మిషన్‌ను పెద్దది చెయ్యబోయి నేను మా అక్క లెక్కకున్న పేరు చెడగొట్టాను. ముందు మిషన్ సంగతి చెప్తాను. అప్పట్లో నేనూ దాన్నే ముందు చూసుకున్నాను.

సౌండు మిస్త్రీగా చేరేనాటికి సౌండు గురించి నాకు తెలిసినవి రెండే సంగతులు. అది పెట్టెలోంచి వస్తుంది. రాకపోతే జనం మిస్త్రీని తిడతారు. అంతకుముందు నిజామాబాద్ బజారులో కుట్టుమిషన్లు, గ్యాసు లైట్లు బాగుచేసేవాణ్ని. టెంటు సినిమా పెట్టిన మాలిక్‌ది జక్రాన్‌పల్లిలో మిరపకాయల వ్యాపారం. నా గ్యాసు లైటు పనితనం చూసి, "గాలి కొట్టి ఎలుగు తెచ్చెటోనివి, కరెంటు పెట్టి మాట తెప్పియ్యలేవా?" అని నన్ను పనిలో పెట్టుకున్నాడు. సౌండు గురించి ఆయనకు నాకన్నా ఒక సంగతి తక్కువ తెలుసు కాబట్టి ఇద్దరికీ బాగానే కుదిరింది.

మిగతాది ఆ పెట్టె ముందర కూర్చుని నేర్చుకున్నాను. కొంత పుస్తకం చూసి, ఎక్కువ షాకు తిని. మిషన్ విప్పేటప్పుడు ఒక చెయ్యి జేబులో పెట్టుకోవాలని పుస్తకంలో బొమ్మ వేసి మరీ చూపించారు. నాకు ధోవతే గాని జేబు లేదు. అందుకని ఎడమ చెయ్యి నడుము మీద పెట్టుకుని పనిచేసేవాణ్ని. దూరం నుంచి చూసినవాళ్లు నేను మిషన్‌తో కొట్లాటకు దిగాననుకునేవారు. అందులో పెద్ద తప్పేమీ లేదు.

ఆ పెట్టెలో గాజు బుడ్లు ఉండేవి. వాటిని వాల్వులంటారు. చివర రెండు పెద్దవి, నలభై అయిదు నంబరువి. వాటి ముందర ఒక చిన్నది, ఇరవై ఏడు నంబరుది. దాన్ని డ్రైవరంటారు. ఫిల్ము మీంచి వచ్చే సన్నటి సవ్వడిని కాస్త పెంచి, పెద్ద వాల్వులను పనిలోకి తోలడం దాని పని. ఆ రెండు పెద్దవీ ఒకే రోట్లో ఇద్దరాడవాళ్లు వడ్లు దంచినట్టు పనిచేస్తాయి. ఒకరి రోకలి లేస్తుంటే ఇంకొకరిది దిగుతుంది. ఆ పోట్లు రెండింటినీ కలిపి లౌడ్‌స్పీకరుకు అందించేది ట్రాన్స్‌ఫార్మర్. చూడటానికి ఇనుప రేకుల మధ్య సన్నటి రాగి తీగ చుట్టిన ముద్ద. ఆ తీగ రెండు సగాలుగా ఉంటుంది, వాల్వుకొక సగం. రెండు సగాల్లో చుట్లు సమానంగా ఉండాలి. ఉంటే కరెంటుతో పాటు వచ్చే గుయ్యిమనే మోత అటూ ఇటూ సరిపోయి మాయమవుతుంది. లేకపోతే మిగులుతుంది. చదివేవాళ్లకు ఇంత తెలిస్తే చాలు. నాకూ ఇంతకన్నా పెద్దగా తెలియదు.

నిజామాబాద్‌లో మా టెంటుకు ఆ మిషన్ సరిపోయేది. బోధన్‌లో సరిపోలేదు. అక్కడ చక్కెర ఫ్యాక్టరీ కొత్తగా నడవడం మొదలైంది. చెరుకు ఆడే నాలుగు నెలలూ మరాఠీవాళ్లు, ఉర్దూవాళ్లు, చుట్టుపక్కల పల్లెలవాళ్లు అందరూ అక్కడే ఉండేవారు. చెరుకు బండ్ల వరస ఊరి బయటిదాకా నిలిచేది. ఊరంతా ఉడుకుతున్న చెరుకురసం వాసన. ఆ జనాన్ని చూసి మాలిక్ టెంటును రెండింతలు చేయించాడు. మిషన్ మాత్రం పాతదే ఉంది. ఆడవాళ్లను చివర్న, పరదా వెనక కూర్చోబెట్టడం అప్పటి ఆచారం. అంటే ఎవరికి ఎక్కువ దూరమో వాళ్లకే గుడ్డ కూడా అడ్డం. మొదటి ఏడు, మూడోనాటి ఆటలో ఒక పెద్దామె పరదా ఎత్తుకుని బయటికి వచ్చి గేటు దగ్గరి మనిషిని నిలదీసింది.

"బొమ్మ నోరు తెరుస్తది, మూస్తది. మాకేమన్న చెప్తున్నదా, లేకుంటె ఆకు నములుతున్నదా?"

గేటు మనిషిది భీమ్‌గల్. మహా నెమ్మదస్తుడు. "జర ఓపిక పట్టు అవ్వా, ఇంటర్వెల్ల అడిగి చెప్త" అన్నాడు. ఎవరిని అడుగుతాడో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. మర్నాడు ఆమె రాలేదు, ఆమె వాడ ఆడవాళ్లూ రాలేదు. ఇంట్లో ఆడవాళ్లను వదిలి ఒంటరిగా సినిమాకు వచ్చే ధైర్యం మగవాళ్లకు లేకపోయింది. వారం తిరక్కుండా టెంటు ఖాళీ అయింది.

మాలిక్ నన్ను పిలిచాడు. "మిస్త్రీ, వచ్చే ఏటికి పరదా ఎన్కకు ఇనబడాలె. లేకుంటె హైదరాబాద్‌కెల్లి ఇంకో మిస్త్రీని తెచ్చుకుంట. నువ్వు మల్ల గ్యాసు లైట్లకు గాలి కొట్టుకో."

మళ్లీ చెరుకు కాలం దగ్గరపడ్డాక సికింద్రాబాద్ పోయి ఇంకా పెద్ద వాల్వులు రెండు తెచ్చాను. వాటి నంబరు రెండు-ఏ-మూడు. తెల్లటి దూదిలో చుట్టి ఒళ్లో పెట్టుకుని రైల్లో కూర్చుంటే, డిచ్‌పల్లి దగ్గర పక్కనున్న ముసలామె పసిబిడ్డనుకుని మొహం చూపించమంది. చూపించాను. ఆమె అటు తిరిగి కూర్చుంది.

కొత్త వాల్వుల కాళ్లు కూడా నాలుగే. పాత గూళ్లలో చక్కగా దిగాయి. సంబరపడి, కరెంటు పుట్టించే ఇంజను తోలమన్నాను. అరగంటలో, మిషన్‌కు కరెంటు అందించే ఇంకో ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి మైనం కారి బల్ల మీద మడుగు కట్టింది. లోపలి తీగ ఎర్రబడడానికే అవి పాతవాటికన్నా ఎక్కువ కరెంటు తాగుతాయని తర్వాత పుస్తకంలో చదివాను. ముందు చదివితే మైనం మిగిలేది. వాటిని ఎర్రజెయ్యడానికే విడిగా ఇంకో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాను. ఇక లౌడ్‌స్పీకరు ముందరి ట్రాన్స్‌ఫార్మర్ మిగిలింది. పాతది ఆ బలం తట్టుకోలేక మాటను చింపి పెట్టేది. తెర మీద రాజు మాట్లాడితే చిరిగిన డప్పు కొట్టినట్టు ఉండేది. బొంబాయి నుంచి కొత్తది రావాలంటే చెరుకు ఆడే కాలం అయిపోతుంది. కాబట్టి బజారులో దొరికిన, ఎప్పుడో కాలిపోయిన ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ రేకులు తీసుకుని, కొత్త తీగతో ఇంట్లోనే చుట్టాలని తీర్మానించాను. సగానికి రెండు వేల చుట్లు. తీగ తలవెంట్రుక కన్నా కొంచెం లావు. నా చేతిలో అది ఇరవై చుట్లకొకసారి తెగేది.

మా ఇల్లు ఒకప్పుడు మగ్గం ఇల్లు. బాపు పోయాక మగ్గం పోయింది, రాట్నం మిగిలింది. ఇంట్లో నేనూ అక్కా ఇద్దరమే. అక్క నాకన్నా ఆరేళ్లు పెద్ద. బావ షోలాపూర్ మిల్లులో పనికి పోయి అక్కడే జ్వరంతో పోయాడు. అక్క తిరిగివచ్చి బీడీలు చెయ్యడం మొదలుపెట్టింది. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట. వారానికి రెండుసార్లు తట్టలో పెట్టుకుని పోయి కార్ఖానాలో మున్షీకి అప్పజెప్పాలి. మున్షీ అందరి తట్టలూ కుమ్మరించి కట్ట కట్టా విప్పి ఎంచేవాడు. అక్క తట్టను మాత్రం అరచేత్తో ఒక్కసారి తట్టి లోపలికి తోసేవాడు. అందరి ముందరా జరిగేది ఇది. వాడలో ఎక్కడ లెక్క తకరారు వచ్చినా, పెండ్లి విస్తళ్లయినా సరే, అక్కనే పిలిచేవారు. ఆమెకు పొలం లేదు, పిల్లలు లేరు. ఆ పేరొక్కటి ఉంది. ఎన్నడూ చెప్పుకునేది కాదు గాని, తట్ట అప్పజెప్పి వచ్చిన రోజు పొయ్యి ముందర కూర్చున్న తీరులోనే తెలిసేది.

అటువంటి మనిషి ఇంట్లో ఉండగా నేను తీగ తెంపుకుంటూ కూర్చోవడం చూసి అక్కే అంది: "ఇటియ్యి తమ్మీ. బాపు నేసిన దినాలల్ల కండెలు ఎవరు సుట్టిండ్రు, నువ్వా?"

రాట్నం చక్రం తీసేసి కదురుకే పిడి బిగించాను. పిడి ఒకసారి తిప్పితే ఒక చుట్టు. తీగ ఆమె వేళ్ల మధ్య నుంచి నూలుపోగులాగా జారింది. ఒక్కసారి కూడా తెగలేదు. వరసకూ వరసకూ మధ్య నేను మైనం కాగితం వేసేవాణ్ని. "తునికాకు ఎయ్యరాదు? గీడ బొచ్చెడున్నది" అంది అక్క. విద్యుత్తు శాస్త్రంలో బీడీలు చుట్టే తునికాకు ఉండదని గంభీరంగా చెప్పాను. ఇరవై అయిదు చుట్లు కాగానే "కట్ట" అని చాటలో ఒక చింతగింజ వేసేది. రెండు వేలకు ఎనభై గింజలు. కట్ట అన్నాక, గింజ అందుకునే లోపల, పిడి ఇంకొకసారి తిరిగేది. చేతి ఊపు అనుకుని ఊరుకున్నాను.

మొదటి సగం అయ్యేసరికి సాయంత్రమైంది. మర్నాడు తట్ట అప్పజెప్పే రోజు, అక్కకు ఇంకా బీడీల పని ఉంది. రెండో సగం నేనే చుట్టాను. ఆమెను చూసి చెయ్యి కొంచెం కుదిరింది. పదిహేనుసార్లే తెగింది. చుట్లు మాత్రం సరిగ్గా రెండు వేలు, పలక మీద గీతలు పెట్టి మరీ ఎంచాను.

అన్నీ బిగించి, టెంటులో పగటిపూట ఇంజను తోలాం. రీలు ఎక్కించకముందే లౌడ్‌స్పీకరు మోత మొదలుపెట్టింది. గుయ్యిమని ఒకటే మోత. మాలిక్ కొంచెంసేపు శ్రద్ధగా విన్నాడు.

"గిదేం బొమ్మ మిస్త్రీ? తుమ్మెదలదా?"

డ్రైవరు మీద అనుమానపడ్డాను. ఇరవై ఏడు నంబరుది పీకి, దానికన్నా జోరైన యాభై ఆరు నంబరుది పెట్టాను. మోత కూడా జోరందుకుంది. ఇంకో యాభై ఆరు పెట్టాను, అదే మోత. డ్రైవరు వెనకాల ఉన్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను అడ్డం తిప్పాను, నిలువు తిప్పాను. భూమిలో గుంత తవ్వి కడ్డీ పాతి ఉప్పునీళ్లు పోశాను. మాలిక్ కూడా సాయంచేద్దామని పెట్టెను తూర్పు ముఖం పెట్టించాడు. మోత తూర్పు నుంచి వచ్చింది.

రెండు రోజులు ఇట్లా గడిచాక, ట్రాన్స్‌ఫార్మర్‌నే పరీక్షించాలని తోచింది. ఒక సగంలోకి కొంచెం కరెంటు పంపి రెండో సగం మీద మీటరు పెడితే రెండూ సమానం చూపాలి. చూపలేదు. అక్క సగం ఎక్కువ చూపింది. రెండో సగం నేను చుట్టాను కాబట్టి తప్పు అందులో ఉండే వీలే లేదని తేల్చుకున్నాను. చేతిలో మీటరు ఉన్నవాడికి ఆపాటి ధీమా ఉంటుంది.

"దొరికింది మాలిక్" అన్నాను, టెంటంతా వినబడేట్టు. "నా పనిల తప్పు లేదు. మా అక్క లెక్క తప్పింది."

ఎంత తప్పిందో, ఎటు తప్పిందో చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. నా నౌకరీ నిలబడిందన్న సంతోషం తప్ప ఆ క్షణాన నాకు ఇంకేదీ తోచలేదు. గేటు మనిషి అక్కడే నిలబడి ఉన్నాడు. ఆయన భార్య కూడా అదే కార్ఖానాకు బీడీలు చేసేది. ఆయన చాడీలు చెప్పే మనిషి కాదు. రాత్రి అన్నం తింటూ ఆ రోజు సంగతులు చెప్పుకున్నాడు, అంతే.

మూడోనాడు అక్క కార్ఖానా నుంచి ఆలస్యంగా వచ్చింది. తట్ట మూలన పెట్టి నా ముందర కూర్చుంది.

"మున్షీ ఇయ్యాల నా తట్ట కుమ్మరిచ్చిండు తమ్మీ. అన్ని కట్టలు ఇప్పిండు. ఎందుకు మున్షీ అంటె, నీ తమ్ముడే నీ లెక్క తప్పిందన్నడట గద, మేం ఎంచుకుంటె తప్పా అన్నడు. అందరు సూసుకుంట నిలవడ్డరు."

"నేను తీగ లెక్క అన్న అక్కా. బీడీల లెక్క అన్లె."

"లెక్కకు తీగ ఏంది, బీడీ ఏంది?"

అక్క లేచి రాట్నం తెచ్చి ముందర పెట్టింది. "నా సగం ఇప్పు. నా కండ్ల ముంగట ఎంచు. తప్పితె నేనే పోయి మున్షీకి చెప్తా, తప్పిందని."

ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి రేకులు ఊడదీశాను. నేను తీగ విప్పుతూ పైకి ఎంచాను. అక్క పక్కన కూర్చుని తనలో తాను ఎంచింది. రెండు వేలు దాటింది. తీగ ఇంకా ఉంది. రెండు వేల నలభై అయింది, ఇంకా ఉంది. ఆఖరి చుట్టు ఊడేసరికి రెండు వేల ఎనభై. ఇద్దరి లెక్కా ఒకటే.

లెక్క తప్పినవాళ్లకు పదిహేడో, ముప్పై మూడో తేడా వస్తుంది. ఎనభై రాదు. చింతగింజలు ఎనభై ఉన్నాయని అప్పుడు గుర్తొచ్చింది.

"కట్టకొకటి ఎక్కువ సుట్టినవా అక్కా?"

"మరి కొసరెయ్యొద్దా?" అంది అక్క, నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు.

ఇది బీడీల ఇండ్లలో పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన సంగతి. కట్టలో ఒక బీడీ వదులుగా ఉందని మున్షీ తీసి పారేస్తే కట్ట తక్కువ పడుతుంది, పేరు పోతుంది. అందుకని ప్రతి కట్టకూ ఒక బీడీ చొప్పున ఎక్కువ చేసి తట్ట అడుగున విడిగా వేస్తారు. కట్టలో ఇరవై అయిదే ఉంటాయి, కొసరు కొసరే. ఎవరూ దాన్ని లెక్కలో చెప్పరు. నేను పుట్టింది ఆ వాడలోనే, పెరిగింది ఆ తంబాకు ఘాటులోనే. అయినా నాకు తట్టలేదు, ఎందుకంటే అప్పుడు నేను మిస్త్రీని.

"చెప్పకపోతివి?"

"కొసరేసినమని ఎవరన్న చెప్పుకుంటరార? రేప్పొద్దున తీగ తక్కువ పడ్తె మీ మాలిక్ నీ మొకం మీద కొడ్తడని ఏసిన. నీ పనిల మాట రావద్దని ఏసిన."

నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు. తీగ చిక్కుపడుతుందేమోనని దాన్నే చూస్తూ కూర్చున్నాను.

అక్క అడిగింది. "మున్షీకి నువ్వు చెప్తవా?"

"చెప్తనక్కా. తప్పకుంట చెప్తా."

"ఎప్పుడు?"

అక్కడ నేను రెండో తప్పు చేశాను. మొదటిది తెలియక చేశాను, దీనికి ఆ సాకు కూడా లేదు. నాలుగు రోజుల్లో టెంటు బోధన్‌కు కదలాలి. ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ చుట్టాలి. పైగా మున్షీ దగ్గరికి పోయి అందరి ముందరా నాదే తప్పని చెప్పాలంటే సిగ్గుగా ఉంది. "బోధన్ పోయి అచ్చినంక చెప్త" అన్నాను. అక్క రాట్నం దగ్గరికి జరిగి పిడి పట్టుకుంది.

ఈసారి రెండు సగాలూ తనే చుట్టింది. "నీకు కొసరద్దు గద?" అని ఒక్కసారి అడిగింది. వద్దన్నాను. కట్ట అన్నాక పిడి అక్కడే ఆగేది. ఒక సగం రెండు వేలు, రెండో సగం రెండు వేలు. మీటరు ముల్లు రెండు వైపులా ఒక్కచోటే నిలబడింది. టెంటులో పెట్టి ఇంజను తోలితే లౌడ్‌స్పీకరు ఏ మోతా లేకుండా ఊరుకుంది. మాలిక్ దాని దగ్గరికి పోయి చెవి పెట్టి, "సచ్చిందా?" అని అడిగాడు. అప్పుడు రీలు ఎక్కించాను. మొదటి మాటకే ఆయన రెండడుగులు వెనక్కి గెంతాడు.

బోధన్‌లో ఆ ఏడు పరదా వెనక అందరికీ వినబడింది. మొదటి ఏడు గేటు దగ్గర నిలదీసిన పెద్దామె మళ్లీ వచ్చింది. ఆట సగంలో బయటికి వచ్చి, "గా బొమ్మల మామగాడు గట్ల ఒర్రుతున్నడేంది? మాకేమన్న చెవుడా?" అని మళ్లీ గేటు మనిషినే అడిగింది. ఇంటర్వెల్ల అడిగి చెప్తానన్నాడు. ఆమె మర్నాడు కూడా వచ్చింది, కోడళ్లను కూడా తెచ్చుకుంది. యాభై ఆరు నంబరు డ్రైవరు, కొత్త వాల్వులు, అక్క ట్రాన్స్‌ఫార్మర్, మూడూ నాలుగు నెలల పాటు ఒక్క పూట కూడా నాగా పెట్టలేదు. మాలిక్ కనబడ్డవాళ్లందరికీ నన్ను చూపించి, మా మిస్త్రీ అనేవాడు. నేను బాగా తిన్నాను, బాగా నిద్రపోయాను. కార్ఖానా సంగతి అప్పుడప్పుడు గుర్తొచ్చేది. వచ్చినప్పుడల్లా పోయినంక చెప్పొచ్చులే అనుకునేవాణ్ని. అక్కడ అక్క తట్టను వారానికి రెండుసార్లు అందరి ముందరా కుమ్మరిస్తున్నారన్నది నాకు తెలుసు. తెలిసే ఉన్నాను.

చెరుకు ఆడడం అయిపోయాక నిజామాబాద్ వచ్చిన మర్నాడే కార్ఖానాకు పోయాను. తట్టలు పట్టుకుని ఆడవాళ్లు వరసలో కూర్చున్నారు. అక్క కూడా ఉంది. మున్షీ ముందర నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. చుట్లు తక్కువ కాలేదని, ఎక్కువయ్యాయని, కట్టకొకటి కొసరు వేసిందని, తప్పు నాదని.

మున్షీ కడుపు పట్టుకుని నవ్వాడు. "తీగకు కొసరేసిందా! ఓరి నీ! నువ్వు బీడీల వాడల పుట్టినోనివేనా? గీ మాట నాలుగు నెలల కింద చెప్తె ఏం పోయింది నీది?" వరసలో ఉన్న ఆడవాళ్లు కూడా నవ్వారు. నాకు పెద్ద బరువు దిగినట్టయింది. అక్క వంతు వచ్చింది. మున్షీ మునుపటిలాగా ఆమె తట్టను అరచేత్తో తట్టి లోపలికి తొయ్యబోయాడు.

అక్క తట్ట అంచు పట్టుకుంది.

"ఎంచు" అంది.

"వద్దులే అక్కా. తెలిసిపాయె గద" అన్నాడు మున్షీ.

"ఎంచు మున్షీ. ఎంచినంకనే పోత."

మున్షీ నా వైపు చూశాడు. నేను నేల చూశాను. ఆయన తట్ట కుమ్మరించి ఒక్కో కట్టా విప్పి ఎంచాడు. వెనకున్న ఆడవాళ్లు పొద్దుపోతోందని సణిగారు. అక్క కదలకుండా కూర్చుని చూసింది. అన్ని కట్టల్లోనూ ఇరవై అయిదే ఉన్నాయి. రెండు కట్టల్లో వదులుగా ఉన్న బీడీ ఒక్కొక్కటి తీసి పక్కన పెట్టి, వాటి బదులు వెయ్యడానికి మున్షీ కుమ్మరించినచోట విడి కొసరు బీడీల కోసం వెతికాడు. ఒక్కటీ లేదు. తక్కువ పడ్డ ఆ రెండు కట్టలూ తిరిగి తీసుకుని అక్క ఇంటిదారి పట్టింది. నేను వెనకాలే నడిచాను. దారిలో వాతావరణం గురించి ఏదో అన్నాను. ఎండలు ముదిరాయని ఆమె కూడా అంది.

తర్వాత ఎన్నేండ్లు బీడీలు చేసినా అక్క ఎంచకుండా తట్ట ఇచ్చింది లేదు. కట్టకు మించి ఒక్క బీడీ ఇచ్చిందీ లేదు. నన్ను ఒక్క మాట అన్నది లేదు. అంటుందేమోనని చాలాకాలం ఎదురుచూశాను.

ఆ రాత్రి అన్నం పెట్టింది. జొన్నరొట్టె మానేసి, నేను బోధన్ నుంచి వచ్చానని వరన్నమే వండింది. పప్పు, పచ్చిపులుసు. మా ఇంట్లో చాలన్నాక ఇంకో ముద్ద పెట్టడం, వద్దని నేను చెయ్యి అడ్డం పెట్టడం, ఆమె చెయ్యి పక్కకు తోసి మరీ వెయ్యడం నా చిన్నప్పటి నుంచీ ఉన్నదే. అందుకే ఆకలిగా ఉన్నా, ఎప్పటిలాగే ఒక ముద్ద ముందుగానే చాలన్నాను. అన్నం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

అక్క గిన్నె మీద మూత పెట్టి లోపలికి తీసుకుపోయింది.